ఆల్బమ్ మనమే చేసుకోవాలంటే ఏ వీడియో క్లాసు తీసుకోవాలి?

పోయిన వేసవిలో మా పిన్ని ఒక బిస్కెట్ డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. నీలం రంగు రేకు డబ్బా, మూత అంచున తుప్పు. లోపల నూట నలభై దాకా ఫొటోలు. రంపపు పళ్లలా అంచులు కత్తిరించిన నలుపు తెలుపు ఫొటోలు కొన్ని, ఎర్రబారిపోయిన పెళ్లి ఫొటోలు కొన్ని, పాస్‌పోర్టు సైజువి నాలుగైదు. “మాఘంలో మీ బాబాయికి షష్టిపూర్తి. ఆల్బమ్ నేనే చేస్తాను. స్టూడియోకి ఇస్తే పేజీకో గులాబీ, గులాబీకో సీతాకోకచిలుక పెడతారు. ఏదైనా ఆన్‌లైన్ కోర్సు చూసిపెట్టు” అంది.

అదెంత పని అనుకున్నాను. మూడు సాయంత్రాలు పట్టింది. స్క్రాప్‌బుకింగ్ (ఫొటోలను కాగితాల మీద అలంకరించి అంటించే చేతిపని) అని వెతికితే ఒక లోకం, ఫొటో ఎడిటింగ్ అని వెతికితే ఇంకో లోకం. ఇంట్లో ఆల్బమ్ చేసుకునే మనిషికి రెండూ కావాలి, కానీ రెండూ కలిపి చెప్పేవారు తక్కువ. ఆ మూడు సాయంత్రాల్లోనూ, తర్వాత పిన్ని పక్కన కూర్చున్న నెలల్లోనూ తెలిసింది రాస్తున్నాను. ఏ సైటులో నేర్చుకోవాలన్నది నిజానికి మూడో ప్రశ్న. డబ్బాలో ఏముందన్నది మొదటిది. చివరికి చేతిలోకి ఏం రావాలన్నది రెండోది.

కాగితమా, తెరా?

ఆల్బమ్ చేయడానికి మూడు దారులున్నాయి. కత్తెర, జిగురు, రంగు కాగితాలతో చేతిపని ఒకటి. పేజీ మొత్తం కంప్యూటర్‌లోనే కూర్చి ప్రింటుకు పంపడం రెండోది. పాత ఫొటోలను స్కాన్ చేసి, కంప్యూటర్‌లో శుభ్రం చేసి, కొత్త ప్రింట్లు తీయించి, వాటిని కాగితం పేజీల మీద అంటించడం మూడోది.

నన్ను అడిగినవారిలో ఎక్కువమందికి నేను మూడోదే చెబుతాను. అసలు ఫొటో డబ్బాలో భద్రంగా ఉంటుంది. కత్తెర పక్కకు జారినా పోయేది టీ ఖర్చుతో వచ్చే ప్రింటే. పైగా అంచుకు రాసుకునే వీలుంది. షష్టిపూర్తి ఆల్బమ్‌లో పెదనాన్న చేతిరాతతో ఒక వాక్యం ఉంటే, దాని ముందు ఏ ఫాంటూ నిలవదు.

దారి మారితే క్లాసూ మారుతుంది. కాగితం పని నేర్పే వీడియోలో కెమెరా బల్ల మీద నుంచి కిందికి, చేతుల మీదికి చూస్తూ ఉండాలి. మడత ఎలా పెట్టారో, టేపు ఎక్కడ ఆపారో కనిపించాలి. ఎడిటింగ్ క్లాసు అలా కాదు. అక్కడ తెర మీది మెనూల్లోని అక్షరాలు చదవగలగాలి. ఎడిటింగ్ పాఠాన్ని ఫోనులో చూస్తూ అదే ఫోనులో పని చేయడం కుదరదు. వీడియో ఒక తెర మీద, పని ఇంకో తెర మీద ఉండాలి. మా పిన్ని ఫోనును స్టీలు గ్లాసుకు ఆనించి పాఠం పెట్టుకుని, ల్యాప్‌టాప్‌లో పని చేసేది. ఈ ఏర్పాటు ఇంట్లో కుదరకపోతే కంప్యూటర్ కోర్సు కొనకండి, ఫోను యాప్‌లతోనే మొదలుపెట్టండి.

క్లాసును దేనితో కొలవాలి?

రేటింగు నక్షత్రాలతో కొలవకండి. కోర్సు పూర్తిచేసినవారికంటే మొదటి రెండు పాఠాలు చూసి సంబరపడినవారే ఎక్కువ నక్షత్రాలు వేస్తారని నా అనుమానం. నేను చూసేవి వేరు.

మొదట, కోర్సు చివర ఒక పూర్తయిన వస్తువు ఉందా? “ఫొటోషాప్ సమగ్రంగా” అనే కోర్సులో వందకుపైగా పాఠాలుండవచ్చు. అవన్నీ చూసినా ఒక్క పేజీ కూడా తయారుకాకపోవచ్చు. “పది ఫొటోలతో ఎనిమిది పేజీల కుటుంబ పుస్తకం” అనే చిన్న కోర్సు దానికన్నా మేలు.

రెండోది, సాధన ఫైళ్లు ఇస్తారా? టీచరు ఏ ఫొటో మీద పని చేస్తున్నారో అదే మన దగ్గరా ఉంటే, ఫలితం పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. సొంత ఫొటోతో మొదలుపెడితే తప్పు పాఠానిదో, ఫొటోదో, మనదో తెలియదు.

మూడోది వెర్షన్. దీన్ని చాలామంది పట్టించుకోరు. ఉచిత సాఫ్ట్‌వేర్ గింప్‌కు 2025 మార్చిలో 3.0 వెర్షన్ వచ్చింది. అంతకుముందు తీసిన పాఠాలు వందల్లో ఉన్నాయి. వాటిలో చూపించిన చోట మీ మెనూ ఉండకపోవచ్చు. అనుభవం ఉన్నవారు వెతికి పట్టుకుంటారు. కొత్తవారు తమకే చేతకావడం లేదనుకుని మానేస్తారు. కోర్సు పేజీలో చివరిసారి ఎప్పుడు సవరించారో చూసి, మీ దగ్గరున్న వెర్షన్‌కే నేర్చుకోండి.

నాలుగోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. టీచరు “ఇది లాగండి, అది నొక్కండి” అని ఊరుకుంటున్నారా, ఎందుకో చెబుతున్నారా? ఒక ఉదాహరణ చెబుతాను. 1970, 80ల నాటి రంగు ప్రింట్లు చాలావరకు ఎర్రగా మారిపోయి ఉంటాయి. ప్రింటులోని మూడు రంగుల్లో సయాన్, అంటే నీలాకుపచ్చ, ముందుగా వెలిసిపోవడం దానికి ఒక పెద్ద కారణం. ఇది చెప్పిన టీచరు తర్వాత లెవెల్స్, అంటే వెలుగునీడలు సరిచేసే పనిముట్టు, తెరిచి ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్లను విడివిడిగా సరిచేస్తారు. అది చూసినవారు ఇంకో యాభై ఫొటోలను సొంతంగా బాగుచేసుకోగలరు. కారణం చెప్పకుండా ఒక ఫిల్టర్ నొక్కి “చూశారా, ఎంత బాగుందో” అనే పాఠంతో ఆ ఒక్క ఫొటోనే బాగుపడుతుంది. ఉచితంగా చూపే నమూనా పాఠం చూసేటప్పుడు “ఎందుకంటే” అనే మాట ఎన్నిసార్లు వినిపించిందో లెక్కపెట్టండి.

ఆ తర్వాతివి: అడిగితే జవాబు చెప్పే మనిషి ఉన్నారా, డబ్బు కట్టడం ఆపితే పాఠాలు ఉంటాయా పోతాయా, భాష మీకు ఒంటబడుతుందా. భాష గురించి ఒక్క మాట. ఎడిటింగ్ పాఠాలకు ఇంగ్లిష్ అంతగా అడ్డం కాదు. లేయర్ (ఫొటో మీద పరిచే పొర), మాస్క్ (పొరలో కొంత భాగాన్ని దాచడం), క్రాప్ (అంచులు కత్తిరించడం) అనే మాటలు తెలుగు పాఠంలోనూ అవే. వేగం తగ్గించి, కింద అక్షరాలు పెట్టుకుంటే నడిచిపోతుంది.

యూట్యూబ్: ఖర్చూ లేదు, వరుసా లేదు

చాలామందికి మొదటి మెట్టు ఇదే, తప్పేమీ లేదు. తెలుగులో ఫొటోషాప్ నేర్పే చానెళ్లు బాగానే ఉన్నాయి. అయితే నేను చూసినవాటిలో ఎక్కువ భాగం పెళ్లి ఆల్బమ్, ఫ్లెక్సీ, పుట్టినరోజు పోస్టర్ పనుల చుట్టూ తిరుగుతాయి. కరిజ్మా ఆల్బమ్‌కు, అంటే స్టూడియోలు పెళ్లికి ముద్రించి ఇచ్చే పుస్తకానికి, 12×36 అంగుళాల టెంప్లేట్ (ముందే కూర్చి ఉంచిన పేజీ నమూనా) తెరిచి, ఫొటోలు పడేసి, అరగంటలో పేజీ ముగించడం చూపిస్తారు. స్టూడియో పెట్టుకునేవారికి ఆ వేగమే కావాలి. తాతయ్య ఒక్క ఫొటోతో నాలుగు రోజులు గడపాలనుకునేవారికి అది వేరే వృత్తి.

యూట్యూబ్‌తో అసలు ఇబ్బంది వరుస లేకపోవడం. పక్కన కనిపించే వీడియో ఎప్పుడూ ఇంకాస్త ఆకర్షణీయంగా ఉంటుంది. ఆకాశం మార్చడం, బొమ్మలా మార్చడం చూస్తూ కూర్చుంటే వారం గడుస్తుంది, ఫొటో వంకర మాత్రం సరికాదు. అందుకని వరుస మీరే రాసుకోవాలి. పిన్నికి ఫ్రిజ్ మీద అంటించి ఇచ్చిన వరుస ఇది: స్కానింగ్, వంకర సరిచేసి కత్తిరించడం, లెవెల్స్, రంగు సరిచేయడం, లేయర్లు, మాస్కులు, మరకలూ గీతలూ తీయడం, అక్షరాలు పెట్టడం, ప్రింటు సైజులో భద్రపరచడం. తొమ్మిది మెట్లు. మెట్టుకు రెండు వీడియోలు, అవీ ఒకే చానెల్‌వైతే మంచిది. మెట్టు దిగేలోపు సొంత ఫొటో ఒకటి పూర్తిచేయాలి. క్రమశిక్షణ ఉన్నవారికి ఇంతకు మించిన కోర్సు డబ్బు పెట్టినా దొరకదు. లేనివారి గతి నాకు తెలుసు, ఎందుకంటే నేనూ ఆ గుంపులోవాణ్నే.

ఒక్కో కోర్సు కొనుక్కోవడం

యుడెమీ లాంటి చోట్ల కోర్సు విడిగా కొంటారు. ఒకసారి కడితే చాలు, ఎప్పుడైనా చూసుకోవచ్చు. తగ్గింపు ధరలు తరచూ వస్తూనే ఉంటాయి కాబట్టి పూర్తి ధరకు కొనడం దండగ. వారం ఆగితే అదే కోర్సు కొన్ని వందల రూపాయలకు వస్తుంది. చాలా కోర్సులకు 30 రోజుల్లో డబ్బు వాపసు అడిగే వీలుంది. అయితే పాఠాల్లో ఎక్కువ భాగం చూసేశాక అడిగితే ఇవ్వకపోవచ్చు.

“ఎప్పటికీ మీదే” అన్న ఆ సదుపాయమే ఉచ్చు కూడా. కొన్నేళ్ల కిందట ఒక చోట, పేరు అనవసరం, తగ్గింపులో ఎడిటింగ్ కోర్సు కొన్నాను. పాఠాలు అరవై రెండు. మొదటి రాత్రి ఏడు చూశాను. మర్నాడు మూడు. ఆంధ్రులు ఆరంభశూరులన్న మాట నిజం చేయడానికన్నట్టు పదకొండో పాఠం దగ్గర ఆగాను. అది ఇప్పటికీ నా ఖాతాలో అక్కడే ఉంది. ఎప్పుడైనా చూడవచ్చన్నది ఎప్పుడూ చూడకపోవడానికి మంచి సాకు. ఈసారి కొనేటప్పుడు పాఠాల సంఖ్య చూసి కాదు, మొత్తం నిడివి చూసి కొన్నాం. నాలుగు గంటలు దాటనిది. పిన్ని రెండు వారాల్లో ముగించింది.

కొనేముందు ప్రశ్నల విభాగం తెరిచి, టీచరు ఈ మధ్య ఎప్పుడు జవాబిచ్చారో చూడండి. రెండేళ్లుగా ప్రశ్నలకు జవాబు లేకపోతే ఆ కోర్సును వదిలేసినట్టే.

చందా కట్టి చూసేవి

స్కిల్‌షేర్, లింక్డ్ఇన్ లెర్నింగ్ ఈ కోవలోవి. చందా నడిచినంతకాలం ఎన్ని క్లాసులైనా చూడవచ్చు, ఆగితే అన్నీ ఆగుతాయి. స్కిల్‌షేర్‌లో క్లాసులు చిన్నవి, గంటా రెండు గంటల్లో అయిపోయేవి ఎక్కువ. ప్రతి క్లాసుకూ ఒక ప్రాజెక్టు ఉంటుంది, చూసినవారు తాము చేసింది అక్కడ పెడతారు. కాగితం చేతిపని, డిజిటల్ పేజీ కూర్పు, ఫొటో సర్దుబాటు మూడింటినీ కొంచెం కొంచెం రుచి చూడాలనుకునేవారికి ఇది అనువు. లింక్డ్ఇన్ లెర్నింగ్ 1995లో మొదలైన లిండా డాట్ కామ్ అనే పాత పాఠాల సైటు వారసత్వం. పాఠాలు పద్ధతిగా, కాస్త పొడిగా ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌ను కుదురుగా నేర్చుకోవడానికి మంచివి, చేతిపనికి కావు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక సంగతి: అక్కడ చాలా పబ్లిక్ లైబ్రరీలు సభ్యత్వ కార్డుతో దీన్ని ఉచితంగా చూడనిస్తాయి. డాలర్లు కట్టేముందు మీ ఊరి లైబ్రరీ వెబ్‌సైటు చూడండి.

చందాలో జాగ్రత్త పడవలసింది ఉచిత గడువు ముగిసే రోజు. మర్చిపోతే ఏడాది మొత్తం ఒక్కసారే కోసేసే సైట్లున్నాయి. మన దేశంలో కార్డు, యూపీఐ ఆటోపే చెల్లింపులకు రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం ప్రకారం డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు సందేశం రావాలి. వస్తుంది కూడా. మిగతా ప్రకటనల సందేశాల గుంపులో దాన్ని చదవం, అంతే. గడువుకు రెండు రోజుల ముందు ఫోనులో అలారం పెట్టుకోండి.

నెల చందా కట్టే వీలున్న చోట నా సలహా ఇది: సెలవులు దగ్గర పెట్టుకుని ఒక్క నెలకే కట్టండి. ఏం చూడాలో ముందే రాసి పెట్టుకుని, నెలాఖరుకు ఆపేయండి. ఏడాది చందా నెల లెక్కన చవకగా కనిపిస్తుంది. ఉపయోగించని పదకొండు నెలల్ని కలిపి లెక్కేస్తే కాదు.

లైవ్ క్లాసులు

ఖర్చు ఎక్కువ, ఫలితమూ ఎక్కువ. ఒకరు మన పేజీ చూసి “ఈ ఫొటో ఇంత చిన్నగా ఎందుకు పెట్టారు?” అని అడిగితే వచ్చే చదువు రికార్డు చేసిన పాఠంలో రాదు. విదేశీ టీచర్ల లైవ్ క్లాసులకు మాత్రం వేళ చూసుకోండి. న్యూయార్కులో సాయంత్రం ఏడంటే మనకు వేసవిలో తెల్లవారుజామున నాలుగున్నర, చలికాలంలో ఐదున్నర. కోడి కూయకముందే లేచి జిగురు పట్టుకోవాలి. రికార్డింగు ఇస్తారంటే ఆ లైవ్‌కు కట్టిన అదనపు డబ్బు ఎందుకో ఆలోచించుకోవాలి.

దీనికి చవకైన ప్రత్యామ్నాయం ఒకటుంది. రికార్డు పాఠాలు చూస్తూ వారానికోసారి మీ పేజీని పనితెలిసిన ఒకరికి చూపించండి. ఫొటో స్టూడియోలో పనిచేసే అన్నయ్యో, డీటీపీ చేసే స్నేహితురాలో ప్రతి కుటుంబంలోనూ ఉంటారు.

సాఫ్ట్‌వేర్ తయారుచేసినవారే ఇచ్చే ఉచిత పాఠాలూ ఉన్నాయి. అడోబీ, కాన్వా రెండూ ఇస్తాయి. వెర్షన్ సరిపోతుంది, చిన్నవి, మొదటి వారానికి బాగుంటాయి.

| దారి | డబ్బు | వరుస | పని చూసి చెప్పేవారు | ఆగితే? |
|---|---|---|---|---|
| యూట్యూబ్ | లేదు | మీరే వేసుకోవాలి | వ్యాఖ్యల్లో అరుదుగా | ఎప్పుడైనా కొనసాగించవచ్చు |
| విడిగా కొన్న కోర్సు | ఒక్కసారి, తగ్గింపులో | ఉంటుంది | ప్రశ్నల విభాగం, టీచరును బట్టి | పాఠాలు ఉంటాయి, ఉత్సాహం ఉండదు |
| చందా | నెలకు లేదా ఏడాదికి | క్లాసు లోపల ఉంటుంది | ప్రాజెక్టుల కింద కొంత | అన్నీ ఆగుతాయి |
| లైవ్ క్లాసు | అన్నిటికన్నా ఎక్కువ | టీచరు చేతిలో | ఉంటారు | ఆ విడత పోయినట్టే |
| తయారీదారు పాఠాలు | లేదు | పరవాలేదు | లేరు | ఎప్పుడైనా కొనసాగించవచ్చు |

కోర్సు కొనేముందు సాఫ్ట్‌వేర్ ఖాయం చేసుకోండి

ఫొటోషాప్ కోర్సు చవగ్గా వచ్చిందని కొని, తర్వాత ఫొటోషాప్‌కు నెలనెలా కట్టాలని తెలిసి కూలబడినవారిని చూశాను. పుస్తెకన్నా తాడు ఖరీదైనట్టు.

ఫోనులోనే పని ముగించాలంటే స్నాప్‌సీడ్ చాలు. గూగుల్ వారిది, ఉచితం. వంకర సరిచేయడం, వెలుగు, రంగు, చిన్న మరకలు తీయడం వరకు హాయిగా అవుతాయి. నేర్చుకోవడానికి రెండు గంటల యూట్యూబ్ సరిపోతుంది, దీనికి కోర్సు కొనడం దండగ. పేజీ కూర్పుకు కాన్వా సులువు. కానీ దాని టెంప్లేట్లలో ఎంత తక్కువ మారిస్తే అంత అందరి ఆల్బమ్‌లాగే ఉంటుంది. పిన్ని పారిపోయి వచ్చిన గులాబీలు ఇక్కడా ఉన్నాయి, కాస్త నాగరికంగా.

కంప్యూటర్‌లో డబ్బు పెట్టకుండా నేర్చుకోవాలంటే గింప్ ఒకటి, ఫొటోపీ ఒకటి. ఫొటోపీ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, మెనూలు ఫొటోషాప్‌ను పోలి ఉంటాయి, స్టూడియోవారి పీఎస్‌డీ ఫైళ్లు (ఫొటోషాప్ సొంత ఫైళ్లు) తెరుస్తుంది. అందుకే ఫొటోషాప్ పాఠాలు చూస్తూ ఫొటోపీలో సాధన చేయడం నాకు తెలిసిన చవకైన ఏర్పాటు. ఫొటోషాప్ ఎలిమెంట్స్ ఇంటి వాడకానికే చేసినది, మొదటి వెర్షన్ 2001లో వచ్చింది. ఒకప్పుడు కొంటే ఎప్పటికీ మనదే. 2025 వెర్షన్ నుంచి మూడేళ్ల లైసెన్సుగా ఇస్తున్నారు. అసలు ఫొటోషాప్ ఈ పనిని సంపాదనగా మార్చుకోవాలనుకునేవారికి. దానికి కనీసం 8 జీబీ ర్యామ్ కావాలి, 16 ఉంటేనే సుఖం.

ఒక్క నొక్కుతో పాత ఫొటోను కొత్తదిగా మార్చే ఏఐ యాప్‌ల గురించి అడుగుతారు. మసకబారిన చీర అంచుకో, వెనకున్న గోడకో అవి బాగానే పనికొస్తాయి. ముఖాల దగ్గర జాగ్రత్త. అక్కడ లేని వివరాన్ని అవి ఊహించి గీస్తాయి. మా అమ్మమ్మ ఫొటో ఒక యాప్‌లో వేస్తే కళ్లు మెరుస్తూ, చర్మం నున్నగా ఒకావిడ వచ్చింది. అందంగానే ఉంది, మా అమ్మమ్మ కాదు.

తెలుగు అక్షరాల సంగతి ఏ ఇంగ్లిష్ క్లాసూ చెప్పదు

ఫొటో కింద “శ్రీకాకుళం, 1983” అని రాయబోతే శకారమూ రావత్తూ విడిపోయి ముక్కలై కూర్చుంటాయి. టీచరుకు ఈ కష్టం తెలియదు, ఆయన ఇంగ్లిష్‌లో రాస్తారు. ఫొటోషాప్ పాత వెర్షన్లలో అయితే ప్రిఫరెన్సుల్లో టైప్ విభాగానికి వెళ్లి ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’ అనే ఎంపిక పెట్టి, ప్రోగ్రామును మూసి తెరవాలి. అప్పుడు ఒత్తులు కుదురుతాయి. గింప్‌లో ఈ బాధ లేదు, తెలుగు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోనులోనైనా ఒకేలా చదవగలిగే అక్షర పద్ధతి) నేరుగా సరిగా వస్తుంది.

స్టూడియోల్లో, డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను ఫాంట్లు నడుస్తున్నాయి. అవి యూనికోడ్ కావు. అందులో కొట్టిన వాక్యాన్ని వేరే చోటికి తీసుకెళితే పిచ్చిగీతలవుతుంది. ఇంట్లో నేర్చుకునేవారు మొదటి నుంచీ యూనికోడ్‌లోనే ఉండటం మంచిది. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సూరన్న, ధూర్జటి, గురజాడ లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. శీర్షికకు రామభద్ర, కింద వివరానికి మండలి పెట్టి చూడండి. తెలుగు యూట్యూబ్ పాఠాల విలువ నిజంగా తెలిసేది ఇక్కడే. మిగతా మెట్లన్నీ ఇంగ్లిష్ కోర్సులో నేర్చుకున్నా, ఈ ఒక్క మెట్టుకు తెలుగు వీడియో వెతకండి.

కాగితం క్లాసు తీసుకునేవారికి

ఇప్పుడు మనం చూసే స్క్రాప్‌బుకింగ్ పాఠాల మూలాలు చాలావరకు అమెరికాలో, ముఖ్యంగా కుటుంబ చరిత్ర రాసుకునే అలవాటు బలంగా ఉన్న యూటా రాష్ట్రంలో ఉన్నాయి. అందుకే వాటిలో ఫొటో పక్కన కథ రాయడానికి అంత చోటు. ఆ అలవాటు తీసుకోవలసిందే. కానీ వారి సామాను జాబితా మొత్తం కొనక్కర్లేదు. టీచరు 12×12 అంగుళాల ఆల్బమ్ తీస్తారు, దానికి సరిపడే కాగితాలు అక్కడ ప్రతి క్రాఫ్ట్ దుకాణంలోనూ దొరుకుతాయి. ఇక్కడ తెప్పించుకుంటే ఖరీదు ఎక్కువ. మనకు ఏ4 సైజు ఐవరీ కార్డు, హ్యాండ్‌మేడ్ పేపరు స్టేషనరీ దుకాణంలోనే ఉంటాయి. కొలతలు మార్చుకోవడానికి జంకని టీచరును ఎంచుకోండి. లేదా ఏ4 పేజీలతోనే చేసే క్లాసు వెతకండి.

రాజీ పడకూడనిది ఒక్కటే: ఆమ్లం లేని కాగితం, పీవీసీ అనే ప్లాస్టిక్ లేని కవరు. మామూలు చార్టు కాగితం కొన్నేళ్లకు పసుపుపచ్చబడి తనతో పాటు ఫొటోనూ పాడుచేస్తుంది. అసలు ఫొటోలకు లామినేషన్ వద్దు, ఒకసారి చేస్తే వెనక్కి తీయలేం. జిగురు చారలున్న పేజీ, పైన ప్లాస్టిక్ పొర ఉండే పాత ఆల్బమ్‌లు చాలా ఇళ్లలో ఉన్నాయి. ఆ జిగురు ఏళ్లు గడిచేకొద్దీ ఫొటోను పట్టేసుకుంటుంది. (జిగురు ముందే పూసిన స్క్రాప్‌బుక్‌కు 1873లో పేటెంటు తీసుకున్నది రచయిత మార్క్ ట్వైన్.) లాగి పీకకండి. మైనం పూయని డెంటల్ ఫ్లాస్‌ను ఫొటోకూ పేజీకీ మధ్య దూర్చి రంపంలా మెల్లగా కదిపితే చాలావరకు ఊడివస్తుంది. రాని చోట పేజీ మీదే ఉంచి స్కాన్ చేయండి.

స్కానింగ్ లెక్క కూడా ఇక్కడే చెబుతాను. 4×6 అంగుళాల ప్రింటును 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల లెక్కన, స్కాన్ చేస్తే 2400×3600 పిక్సెళ్లు వస్తాయి. దాన్ని 8×12 అంగుళాల దాకా పెంచి 300 డీపీఐలో ముద్రించుకోవచ్చు. పాస్‌పోర్టు ఫొటోను 1200లో చేయండి. స్కాన్ చేసింది వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుంచించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపండి.

ఇక ఎవరికి ఏది?

పిన్నిలాంటివారు, అంటే ఒక్క ఆల్బమ్ కోసం నేర్చుకునేవారు, నాలుగు గంటలు దాటని విడి కోర్సు ఒకటి కొనుక్కోండి. తెలుగు అక్షరాలకు యూట్యూబ్. సాఫ్ట్‌వేర్ గింప్ లేదా ఫొటోపీ. వారానికి మూడు రోజులు, రోజుకు గంట.

పిన్ని కూతురు డాలస్‌లో ఉంటుంది. ఆఫీసు, ఇద్దరు పిల్లలు. దానికి కంప్యూటర్ ముందు ఇంకో గంట కూర్చోమంటే కోపం వస్తుంది. కాగితం పనే దానికి విశ్రాంతి, సామాను అక్కడ చవక, పిల్లలూ కలుస్తారు. దానికి ఒక నెల చందా చెప్పాను. రెండు క్లాసులు చూసి మూడోది చూడకుండా సొంతంగా మొదలుపెట్టింది. అదీ ఒక విజయమే.

స్టూడియోలో చేరాలనో, సొంతంగా ఆల్బమ్ పనులు తీసుకోవాలనో చూసే కుర్రాళ్లకు లెక్క వేరు. తెలుగు యూట్యూబ్ చానెళ్లతో కరిజ్మా పని వేగం నేర్చుకోండి, ఆ పైన రంగు సరిచేయడం, ముఖం రీటచింగ్ కోసం ఒక క్రమమైన కోర్సు. చందా కన్నా కొన్నది మేలు, ఎందుకంటే పని మధ్యలో పదేపదే తిరిగి చూడాల్సి వస్తుంది. వీలైతే ఒక సీజను స్టూడియోలో ఎవరి పక్కనైనా కూర్చోండి.

ఏది తమకు నప్పుతుందో తెలియనివారు డబ్బేమీ పెట్టకండి. ఒక్క ఫొటో తీసుకుని ఆ తొమ్మిది మెట్లూ ఉచిత వీడియోలతో ఎక్కండి. ఏ మెట్టు దగ్గర ఆగారో అదే మీ కోర్సు.

అందరికీ వర్తించేది ఇంకొకటుంది, కోర్సుల్లో చివరి పాఠంగా వచ్చి చాలామంది చూడకుండా వదిలేసేది: పేజీలన్నీ పూర్తిచేసి ఒకేసారి ల్యాబుకు పంపకండి. మొదటి పేజీ ఒక్కటే పంపండి. పిన్ని మొదటి ప్రింటు పొయ్యి పక్కన పెట్టినట్టు నల్లగా వచ్చింది. తప్పు ల్యాబుది కాదు. ల్యాప్‌టాప్ తెర వెలుగు పూర్తిగా పెట్టుకుని ఎడిట్ చేస్తే తెర మీద సరిపోయిందనిపించేది కాగితం మీద చీకటిగా దిగుతుంది. వెలుగు సగానికి తగ్గించి, ప్రింటును కిటికీ దగ్గర పట్టుకుని, ఫొటోలో వెలుగు పెరిగేలా లెవెల్స్‌లో మధ్య ముల్లును కాస్త ఎడమకు జరిపింది. అంచుల్లో పావు అంగుళం ఖాళీ పెంచింది, మొదటిసారి కోతలో బాబాయి మోచేయి పోయింది కాబట్టి. ల్యాబువారికి ఆటో కరెక్షన్ వద్దని చీటీ రాసింది. రెండో ప్రింటు బాగుంది. ఇంకా పద్దెనిమిది పేజీలు ఉన్నాయి, మాఘానికి పదకొండు వారాలు.